మాయలో వచ్చే కోరియోఆంజియోమా: పెరిగింది జన్యువు పనా, కణాల సంఖ్యా?

నమస్కారమండీ. నేను పాథాలజీ పీజీ చేస్తున్నాను. థీసిస్‌కి మాయలో (ప్లాసెంటాలో) వచ్చే కోరియోఆంజియోమా తీసుకున్నాను. ఇది క్యాన్సర్ కాదు, సన్నని రక్తనాళాలు గుంపుగా పెరిగిన గడ్డ. చిన్నదైతే ఎవరికీ తెలియకుండానే కాన్పు అయిపోతుంది. 4-5 సెం.మీ. దాటితే మాత్రం ఉమ్మనీరు ఎక్కువవడం, కడుపులో బిడ్డకు రక్తం తగ్గడం, గుండె మీద భారం పడటం లాంటివి రావచ్చు. అందుకే దీన్ని సరిగ్గా చేయాలని నా తపన.

గడ్డలో, రక్తనాళాల పెరుగుదలకు తోడ్పడే వీఈజీఎఫ్ రిసెప్టర్-2, టై-2 జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో, ఆర్‌ఎన్‌ఏ మోతాదు కొలిచే ఆర్‌టీ-పీసీఆర్‌తో చూడాలి. కానీ ఈ రెండూ ప్రధానంగా రక్తనాళాల లోపలి పొర కణాల్లోనే పనిచేస్తాయి, గడ్డలో ఉన్నవేమో ఎక్కువగా ఆ కణాలే. మరి అంకె పెరిగితే ఒక్కో కణంలో జన్యువు పని పెరిగినట్టా, కణాలే పెరిగినట్టా? ఆ లోపలి పొర కణాలకు గుర్తుగా వాడే సీడీ31 విలువతో భాగిస్తే చాలని మా గైడ్ గారు అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు, ఎందుకంటే సీడీ31 కూడా అన్ని నాళాల్లో ఒకే స్థాయిలో ఉండదు కదా.

పోలికకు అదే మాయలోని మామూలు భాగం మేలా, అన్నే వారాల గర్భానికి చెందిన వేరే మాయ మేలా?

ఉన్నవన్నీ పాత పారాఫిన్ బ్లాకులు (ఫార్మలిన్‌లో ఉంచి మైనంలో భద్రపరిచిన కణజాలం). ఫార్మలిన్ వల్ల ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుంది కాబట్టి 100 బేస్ జతల లోపు భాగాలనే ఎంచుకుంటున్నాను. ఇలాంటి బ్లాకులతో పనిచేసినవాళ్లు ఏ రిఫరెన్స్ జన్యువులు (పోల్చి కొలవడానికి వాడే, స్థాయి పెద్దగా మారని జన్యువులు) వాడారో దయచేసి చెప్పండి.