నిహారీని పాకిస్తాన్ జాతీయ వంట అనడం సబబేనా?

ఎర్రమంజిల్: పాకిస్తాన్ వంటల గురించి ఎక్కడ చూసినా నిహారీ పేరే ముందుంటుంది. కొందరు ఏకంగా జాతీయ వంట అంటారు. నాకు నచ్చని మాట ఇది. అది పాత ఢిల్లీ వంట. పిక్క మాంసాన్ని మూలుగ ఎముకలతో రాత్రంతా సన్నసెగ మీద ఉడికించి, పొద్దున్నే నాన్‌తో తింటారు. 1947 తర్వాత ఢిల్లీ నుంచి వెళ్లినవాళ్లు దాన్ని కరాచీ బర్న్స్ రోడ్డుకు చేర్చారు. ఆ నేలకు తనవైన వంటలు లేవా? బలూచీల సజ్జీ, పెషావర్ చప్లీ కబాబ్, సింధీల పల్లా చేప ఏమయ్యాయి?

షార్జా రాజు: చప్లీ కబాబ్ ఆ నేలదేనా అన్నా? అందులో టమాటా వేస్తారు, మొక్కజొన్న పిండి కలుపుతారు. రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చిన పంటలే. వాటికి లేని అడ్డు ఢిల్లీ నుంచి వచ్చిన నిహారీకి ఎందుకు? ఇంకెన్నాళ్లు ఉంటే సొంతమవుతుంది?

గోదారి గట్టు: పల్లా పేరెత్తారు కాబట్టి ఆగలేకపోతున్నాను. పల్లా అంటే మన పులసే, ఒకే జాతి చేప. సముద్రం నుంచి సింధూ నదిలోకి ఎదురీదుతుంది. సుక్కూర్ దగ్గర నది మధ్య లంకలో ఉన్న జిందా పీర్ అనే మహాత్ముణ్ణి దర్శించుకోవడానికే అంత దూరం వెళ్తుందని అక్కడివాళ్ల నమ్మకం. సింధీ హిందువులేమో తమ దైవం ఝూలేలాల్‌ను ఆ చేప మీదే కూర్చోబెట్టి పూజిస్తారు. 1955లో కోట్రీ బరాజ్ పూర్తయ్యాక పైకి వెళ్లే దారి మూసుకుపోయింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట సంగతి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నిహారీని ఏ ఊళ్లోనైనా వండుకోవచ్చు. పల్లా కావాలంటే నదిలో నీళ్లుండాలి. నా ఓటు ఎర్రమంజిల్ గారికే.

మలక్‌పేట్ వాసి: ఒక్క మాట. కరాచీలో హైదరాబాద్ కాలనీ ఉంది. మన దగ్గరి నుంచి వెళ్లినవాళ్ల ఖట్టీ దాల్, బఘారా బైంగన్, ఊరగాయలకు అది పేరున్న చోటు. ఇక్కడేమో సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో కరాచీ బేకరీ పెట్టారు. ఆ ఫ్రూట్ బిస్కెట్లను హైదరాబాద్ స్పెషల్ అని చుట్టాలకు పట్టుకెళ్లడం లేదా మనం? హలీం మాత్రం? అరబ్బుల హరీస్ నుంచి వచ్చిందే, అయినా 2010లో హైదరాబాద్ పేరు మీదే జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) ఇచ్చారు.

ఎర్రమంజిల్: బిస్కెట్ పేరు చెప్పి మన తెలంగాణ సర్వపిండిని ఎవరూ పక్కన పెట్టలేదండీ. సజ్జీ గతి చూడండి. గొర్రెపిల్లకు ఉప్పు పట్టించి, కర్రకు గుచ్చి, నిప్పుల పక్కన నిలబెట్టి గంటల తరబడి కాలుస్తారు. తోడుగా కాక్ రొట్టె, కాలిన రాయి చుట్టూ పిండి చుట్టి చేసేది. మందలు తోలుకుంటూ తిరిగే మనుషులు గిన్నెలు మోసుకెళ్లకుండా వండుకునే తిండి. అదే సజ్జీ లాహోర్ హోటల్‌కు వచ్చేసరికి మసాలా కోడి అయింది, కడుపులో అన్నం కూరుతున్నారు! రుచి బాగుండొచ్చు, కాదనను. కానీ దాన్ని తిని బలూచీ వంట తిన్నామంటే ఎలా?

షార్జా రాజు: జనం తింటున్నారు కాబట్టే మారింది కదా అన్నా. ఎవరూ తినకపోతే మారకుండా అలాగే ఉండేది, పుస్తకంలో.

మలక్‌పేట్ వాసి: రాజు చెప్పింది కరెక్ట్.

ఎర్రమంజిల్: హలీంకు ఊరి పేరు పెట్టారు, దేశం పేరు కాదు. కరాచీ నిహారీ అనండి, నాకే పేచీ లేదు. బర్న్స్ రోడ్డు వాళ్లు ఆ పేరు సంపాదించుకున్నారు. జాతీయ వంట అన్నారంటే మాత్రం బలూచిస్తాన్‌లోని క్వెట్టావాళ్లు ఒప్పుకోవాలిగా.

షార్జా రాజు: మా రూమ్‌లో క్వెట్టా అతను ఉన్నాడన్నా. శుక్రవారం సెలవు రోజైనా పొద్దున్నే లేస్తాడు, నిహారీ అయిపోతుందని టెన్షన్.