డైనమో ఉంచాలా, పీకేసి ఆల్టర్నేటర్ వేయాలా? (పాత పికప్, ఛార్జింగ్ సున్నా)

పొదలకూరు నిమ్మ
అందరికీ నమస్కారం. మా తోటలో ఒక పాత పెట్రోల్ పికప్ ఉంది, ముందు జీపు మూతి, వెనక చెక్క తొట్టి, మా నాయన సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, నా వయసు కంటే దాని వయసే ఎక్కువ. ఇప్పటికీ నిమ్మకాయ బస్తాలు యార్డు దాకా అదే తోలుతుంది. సంక్రాంతికి ముందు టింకరింగ్ చేయించి, బానెట్ కింద కూడా వదలకుండా పెయింట్ కొట్టించి, కొత్త బ్యాటరీ వేయించాం. ఇప్పుడు బండి పెళ్లికొడుకులా ఉంది గానీ ఛార్జింగ్ లేదు. అమీటర్ ముల్లు ఎప్పుడూ మైనస్‌లోనే, రేజ్ చేసినా కదలదు. షాపులో ఛార్జ్ చేయించి తెస్తే 12.6 వోల్టులు, రెండు రోజులు తిరిగితే 12.1, మూడో రోజు సెల్ఫ్ ఎత్తదు, కూలీల చేత తోయించుకోవాల్సిందే.

ఊళ్లో ఎలక్ట్రీషియన్‌కి చూపించాను. డైనమో (ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే పాతకాలం మిషను) మీద ఉన్న రెండు పిన్నులకీ వైర్లు తీసేసి, ఆ రెండూ ఒక ముక్క వైర్‌తో కలిపి, ఇంజన్ రేజ్ చేసి మీటర్ పెట్టాడు. ఒకటిన్నర వోల్టు దాటలేదు. డైనమో చచ్చిపోయింది, పీకేసి ఆల్టర్నేటర్ (ఈ కాలం బండ్లలో అదే పని చేసేది) వేద్దాం, మొత్తం 8 వేలు అన్నాడు. డబ్బు సంగతి అట్టుంచండి, నాయన కాలం నాటి సామాను పీకాలంటే చేయి రావడం లేదు. ఏం చేయమంటారు?

రొయ్యల బండి
వేయించెయ్ అన్నా, ఆలోచించకు. మాది అల్లూరు వైపు, రొయ్యల గుంటల దగ్గరికి తెల్లవారుజామున 3 గంటలకు బండి తీయాలి. డైనమో ఉన్నన్నాళ్లూ ఆ ఉప్పు గాలికి కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకుంటూ కరెంటు తీసుకునే రాగి చుట్టు) నల్లబడేది, ఏడాదికి రెండుసార్లు బ్రష్‌లు, నా టెన్షన్ నాకే తెలుసు. లెక్క చూడు. రెండు హెడ్‌లైట్లు 45 వాట్లవి అనుకున్నా ఏడున్నర ఆంపియర్లు, ఇగ్నిషన్ కాయిల్ మూడో నాలుగో, వెనక లైట్లు, ఇప్పుడు వైపర్ కూడా. పన్నెండు పదమూడు ఆంపియర్లు పోతూనే ఉంటాయి. ఐడ్లింగ్‌లో డైనమో ఇచ్చేది దాదాపు సున్నా. ఆల్టర్నేటర్ అయితే గేటు దగ్గర ఆగినా ఎంతో కొంత ఇస్తూనే ఉంటుంది. నేను నాలుగేళ్ల క్రితం మార్చాను, మళ్లీ బానెట్ ఎత్తింది బెల్టు బిగించడానికే.

ఆటోనగర్ పాతకాపు
అబ్బయా, తొందరపడొద్దు. నెల్లూరు ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు డైనమోలు, సెల్ఫ్‌లు రీవైండింగ్ చేసినవాణ్ణి, ఇప్పుడు కళ్లు సరిగా ఆనక మానేశాను. ఒకటే అడుగుతాను, డైనమో పిన్నుల పక్కన ఏ అక్షరాలున్నాయి? "డి, ఎఫ్" అనా, "ఎ, ఎఫ్" అనా? అది చెప్పకుండా చచ్చింది బతికింది అని ఎవరూ అనకండి.

చీమకుర్తి దుమ్ము
ఇంత ఆలోచన ఎందుకు సామీ, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూడు. ఇంజన్ ఆగితే డైనమో పోయినట్టు, ఆగకపోతే ఉన్నట్టు. మా క్వారీ బండ్లన్నింటికీ ఇదే టెస్టు.

ఒంగోలు మల్టీమీటర్
చీమకుర్తి అన్నా, దండం పెడతాను, ఆ సలహా ఎవరికీ ఇవ్వొద్దు. బ్యాటరీ అనేది వోల్టేజీని పట్టి ఉంచే బరువు లాంటిది. అది తీసేసిన క్షణాన ఆల్టర్నేటర్‌లో వోల్టేజీ ఒక్కసారిగా ఎగురుతుంది, లోపలున్న డయోడ్‌లు (కరెంటును ఒకే దిక్కుకి పోనిచ్చేవి) పోతాయి, ఈ కాలం బండి అయితే కంప్యూటర్ కూడా పోవచ్చు. డైనమోకి డయోడ్‌లు లేవు కాబట్టి పాత రోజుల్లో ఈ టెస్టుతో బతికిపోయారు, అదీ లైటు బల్బులు మాడగొట్టుకుని. రెండు మూడు వందలకి మీటర్ వస్తుంది. ఇంజన్ ఆపి బ్యాటరీ మీద పెడితే ఒక సంఖ్య, స్టార్ట్ చేసి రేజ్ చేస్తే ఇంకో సంఖ్య. రెండోది 14కి దగ్గరగా ఉంటే ఛార్జింగ్ ఉన్నట్టు, మొదటిదానికంటే తగ్గితే లేనట్టు. పీకాల్సిన పనే లేదు.

చీమకుర్తి దుమ్ము
సరే సరే, గురువు గారూ. మా దగ్గర మీటర్ కొంటే వారంలో గ్రానైట్ దుమ్ము తాగి పడుకుంటుంది, అందుకే ఆ అలవాటు.

పొదలకూరు నిమ్మ
పాతకాపు గారూ, గుడ్డ పెట్టి తుడిచి చూశాను, "ఎ", "ఎఫ్" అని ఉన్నాయి. ఛార్జింగ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ డబ్బా మీద "బి, ఎ, ఎఫ్". అయితే ఏంటి?

ఆటోనగర్ పాతకాపు
అయితే ఏంటంటే, నీ ఎలక్ట్రీషియన్ చేసిన టెస్టు నీ డైనమోది కాదు. కొంచెం పొడుగ్గా చెబుతాను, చదువు.

డైనమోలో తిరిగేది ఆర్మేచర్, చుట్టూ కదలకుండా ఉండేది ఫీల్డ్ కాయిల్. ఫీల్డ్‌లో కరెంటు పారితేనే అయస్కాంతం బలపడి వోల్టేజీ వస్తుంది. ఇక్కడ రెండు జాతులున్నాయి. అంబాసిడర్ లాంటి బండ్లకు వచ్చే లూకాస్ కంపెనీ జాతిలో ఫీల్డ్ ఒక కొస లోపలే బాడీకి కలిసి ఉంటుంది. దానికి డి, ఎఫ్ కలిపితే ఆర్మేచర్ కరెంటు ఫీల్డ్‌లోకి పోయి వోల్టేజీ జర్రున లేస్తుంది, 20 దాటకుండా చూసుకోవాలి. మన ఎలక్ట్రీషియన్లు అందరూ నేర్చుకున్నది అదే టెస్టు. అమెరికా డిజైన్ జీపు జాతిలో అది తిరగబడి ఉంటుంది. ఫీల్డ్ ఒక కొస లోపల ఆర్మేచర్ బ్రష్‌కే కలిసి ఉంటుంది, రెండో కొస ఎఫ్ పిన్ను నుంచి బయటికొచ్చి రెగ్యులేటర్‌లో ఎర్త్ అవుతుంది, అంటే బండి బాడీకి కలుస్తుంది. ఇప్పుడు నువ్వే చెప్పు, దీంట్లో ఎ, ఎఫ్ కలిపితే ఏమవుతుంది? ఫీల్డ్ రెండు కొసలూ ఒకే చోట కలిసినట్టు, కరెంటు పారనే పారదు. ఆ ఒకటిన్నర వోల్టు ఇనుములో మిగిలిన పాత అయస్కాంతం వల్ల వచ్చింది. అంటే నీ డైనమో బతికే ఉందని అది చెబుతుంటే, మనవాడు చచ్చిందని విన్నాడు.

అక్షరాలను గుడ్డిగా నమ్మకు, ఎప్పుడో ఎవరైనా మార్చి ఉండొచ్చు. వెనక పట్టీ విప్పి, ఫీల్డ్ వైర్ కొస బాడీకి పోయిందో, ఎర్త్ కాని బ్రష్‌కి పోయిందో కంటితో చూడు. బ్రష్‌కి పోయి ఉంటే ఇట్టా చెయ్యి: డైనమో ఎఫ్ పిన్ను మీద వైర్ తీసేసి, ఎ వైర్ మాత్రం దాని చోటే ఉంచి, ఒక ముక్క వైర్‌తో ఎఫ్‌ని డైనమో బాడీకి తాకించు, ఇంజన్ కాస్త రేజ్ మీద. నాలుగైదు సెకన్లే, అంతకు మించొద్దు. అమీటర్ ప్లస్‌కి దూకితే డైనమో మంచిది, లోపం రెగ్యులేటర్ వైపు ఉన్నట్టు. దూకకపోతే డైనమో ఎ పిన్నుకీ బాడీకీ మధ్య మీటర్ పెట్టి ఇంకోసారి చూడు, అక్కడ వోల్టేజీ లేస్తే కటౌట్ (డైనమో వోల్టేజీ లేచాక దాన్ని బ్యాటరీకి కలిపే, రెగ్యులేటర్ డబ్బాలోని స్విచ్) కలవడం లేదని అర్థం.

రొయ్యల బండి
పెద్దాయనా, మీ అనుభవానికి దండం. కానీ ఆ రెండు జాతుల తేడా తెలిసిన మనిషి ఇప్పుడు జిల్లాలో ఎంతమంది ఉన్నారు? మీరే మానేశానన్నారు. రేపు ఆర్మేచర్ కాలితే చుట్టేవాడు ఎవరు? నేను అడిగేది అది. వస్తువు మంచిదే, చూసేవాడు లేడు. ఆల్టర్నేటర్ అయితే కావలి బస్టాండు పక్కన కూడా దొరుకుతుంది.

ఆటోనగర్ పాతకాపు
ఆ మాట నిజమే, కాదనను. కానీ తోటలో బ్యాటరీ పూర్తిగా దిగిపోయిందనుకో. డైనమో బండి తోస్తే లేస్తుంది, ఇనుములో మిగిలిన అయస్కాంతంతో తనంతట తానే పుంజుకుంటుంది. ఆల్టర్నేటర్‌కి మొదట బ్యాటరీ నుంచి చుక్క కరెంటైనా కావాలి. ఇంకోటి, డయోడ్ పోతే రోడ్డు మీద ఏం చేస్తావు? డైనమో అయితే గరుకు కాయితం ముక్కతో కమ్యుటేటర్ తుడిచి ఇంటికొస్తావు.

రొయ్యల బండి
బ్యాటరీ దిగనివ్వని దాన్ని పెట్టుకున్నాక తోయాల్సిన పనేముంది చెప్పండి! నాలుగేళ్లలో ఒక్కసారీ తోయలేదు. మార్చేవాళ్లు మూడు విషయాలు చూసుకోవాలి, నేను రెండింటిలో దెబ్బ తిన్నాను. పాత అమీటర్ 30 ఆంపియర్లది, 55 ఆంపియర్ల ఆల్టర్నేటర్ కరెంటు మొత్తం దాని గుండా పంపితే డ్యాష్‌బోర్డు వెనక పొగ వస్తుంది, నాకు వచ్చింది. అమీటర్ పక్కన పెట్టి, బ్యాటరీకి నేరుగా లావు కేబుల్ వేసి, వోల్ట్‌మీటర్ పెట్టుకోవాలి. రెండోది, ఛార్జింగ్ బల్బు. ఆ బల్బు గుండా పోయే కరెంటే ఆల్టర్నేటర్‌ని లేపుతుంది. నేను ఆదా అని అక్కడ ఎల్‌ఈడీ పెట్టాను, స్టార్ట్ చేస్తే ఛార్జింగే లేదు, రెండు రోజులు జుట్టు పీక్కున్నాను. మూడోది ఎర్త్. కొన్ని పాత ఇంగ్లీషు బండ్లు ప్లస్ ఎర్త్‌తో ఉంటాయి, చూడకుండా బిగిస్తే కీ తిప్పకముందే డయోడ్‌లు పోతాయి.

ఒంగోలు మల్టీమీటర్
ఇంకో కోణం. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది, నంబరులో "విఎ" వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేల ఫీజు, పదేళ్లు చెల్లుతుంది. అసలు రూపం పెద్దగా మార్చకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజన్ గురించే గట్టిగా చెప్పారు కాబట్టి ఆల్టర్నేటర్ ఒక్కటే అడ్డం రాదనుకుంటాను. కానీ ఆ నంబరు మీద వ్యాపారం చేయకూడదు, రోజువారీ తిప్పకూడదు. నిమ్మకాయలు తోలే బండికి అది పనికిరాదు. కాబట్టి "ఒరిజినల్‌గా ఉంచాలి" అనే వాదన ఇక్కడ సెంటిమెంటుకే తప్ప కాగితాలకు కాదు.

ఇక అసలు విషయం. మొదటి పోస్టు మళ్లీ చదివాను. బానెట్ కింద కూడా వదలకుండా పెయింట్ కొట్టించాం అన్నారు. పెయింటర్ రెగ్యులేటర్ డబ్బా ఊడదీసి, కొట్టి, మళ్లీ బిగించాడా? ఆ డబ్బా కాళ్లకు రబ్బరు ఉంటుంది, ఒక కాలికి చిన్న ఎర్త్ పట్టీ ఉంటుంది. పాతకాపు గారు చెప్పినట్టు ఫీల్డ్ ఎర్త్ అయ్యేది రెగ్యులేటర్ బాడీ ద్వారానే. ఆ బాడీకీ ఇనుముకీ మధ్య కొత్త పెయింట్ ఉంటే ఫీల్డ్‌కి దారి లేదు, కటౌట్ కాయిల్‌కీ దారి లేదు. ఇంజన్ ఆపి, మీటర్ ఓమ్స్‌లో పెట్టి, ఒక కొస రెగ్యులేటర్ బాడీ మీద, ఇంకో కొస బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. సున్నా దగ్గరికి రావాలి.

ఆటోనగర్ పాతకాపు
ఒంగోలు బాబూ, ఆ పెయింట్ మాట నేను చదివి కూడా దాటేశాను. కళ్లు ఆనడం లేదన్నది ఇందుకే.

పొదలకూరు నిమ్మ
రెండు రోజులు కోత పనిలో ఉండి ఆలస్యమైంది. పట్టీ విప్పి చూస్తే ఫీల్డ్ వైర్ బ్రష్‌కే పోయింది. ఎఫ్‌ని బాడీకి తాకిస్తే డైనమో మూలిగినట్టు శబ్దం వచ్చింది గానీ ముల్లు కదల్లేదు. ఎ పిన్ను మీద మీటర్ పెట్టి మళ్లీ తాకిస్తే 16 దాటి లేచింది, భయమేసి వెంటనే తీసేశాను. అంటే డైనమో బ్రహ్మాండంగా ఉంది, కటౌట్ కలవడం లేదు. తర్వాత ఒంగోలు అన్న చెప్పిన ఓమ్స్ టెస్టు చేస్తే మీటర్ సున్నా దగ్గరికి రానే లేదు. రెగ్యులేటర్ విప్పితే, పెయింటర్ ఎర్త్ పట్టీ కింద రెండు కోట్లు కొట్టి దాని మీదే నట్టు బిగించాడు. ఎంత నున్నగా కొట్టాడంటే తిట్టబుద్ధి కాలేదు. గరుకు కాయితంతో ఇనుము తేలేదాకా గీకి, పట్టీ బిగించి, భరోసాకి రెగ్యులేటర్ కాలి నుంచి బ్యాటరీ నెగటివ్‌కి ఒక వైర్ కూడా లాగాను.

స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేస్తే ముల్లు ప్లస్ 18కి పోయింది, నాయన వచ్చి పక్కన నిలబడి చూశాడు. పది కిలోమీటర్లు తోలేసరికి 4కి దిగింది, బ్యాటరీ మీద 14.1. ముల్లు దిగితే బ్యాటరీ నిండుతున్నట్టే కదా పెద్దాయనా?

ఆటోనగర్ పాతకాపు
అవును నాయనా, అట్టా దిగితేనే రెగ్యులేటర్ కూడా మంచిదని. 18 దగ్గరే నిలబడి ఉంటే భయపడాలి, బ్యాటరీ నీళ్లు ఉడికిపోతాయి. ఈసారి రెగ్యులేటర్ వైర్లు ఊడదీస్తే, బిగించాక స్టార్ట్ చేసే ముందు డబ్బా మీద బి, ఎ రెండూ ఒక్క క్షణం వైర్‌తో తాకించు, డైనమోకి దాని దిక్కు (ఏది ప్లస్, ఏది మైనస్ అని) గుర్తొస్తుంది. నీ జాతికి మాత్రమే ఇది. లూకాస్ వాళ్లెవరైనా చదువుతుంటే మీకు పద్ధతి వేరు, ఎఫ్ వైర్ ఊడదీసి దాన్ని బ్యాటరీ లైవ్‌కి తాకించాలి.

రొయ్యల బండి
సంతోషం అన్నా, 8 వేలు మిగిలాయి. కానీ నా ప్రశ్న అట్టే ఉంది. ఎర్త్ పోతే ఏ మిషనైనా ఛార్జ్ చేయదు, దాంతో డైనమో గెలిచినట్టు కాదు. ఒక రాత్రి హెడ్‌లైట్లు వేసి యార్డు ముందు పది నిమిషాలు ఐడ్లింగ్‌లో నిలబెట్టి, అమీటర్ ఎక్కడుందో ఇక్కడ రాయి.

పొదలకూరు నిమ్మ
నిన్న రాత్రి పెట్టి చూశాను. మైనస్ 10. నాయన అన్నాడు, ఆగినప్పుడు లైట్లు ఆర్పెయ్‌రా అని. ఈ సీజన్‌కి అట్టా నడుపుతాను. కోతలు ముగిశాక నీ ఆల్టర్నేటర్ ఒకసారి చూడ్డానికి అల్లూరు వస్తాను.