ల్యాబ్ సబ్‌నెట్ పెంచాక ఆఫీసు ప్రింటర్ అందడం లేదు

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా డిగ్రీ కాలేజీకి 192.168.10.0/24 (ఆఖరి అంకె 0 నుంచి 255 వరకు ఉండే 256 ఐపీ అడ్రస్‌లు) ఒక్కటే ఇచ్చారు, వేరే రేంజ్ వాడొద్దన్నారు. దాన్ని /26 చొప్పున, అంటే ఒక్కోదానికి 64 అడ్రస్‌లతో, నాలుగు సమాన భాగాలు (సబ్‌నెట్‌లు) చేసి లేయర్ 3 స్విచ్‌లో (నెట్‌వర్క్‌ల మధ్య దారి కూడా చూపే స్విచ్) నాలుగు వీలాన్‌లు (ఒకే స్విచ్‌లో వేరుచేసిన నెట్‌వర్క్‌లు) పెట్టాం. 0 నుంచి ల్యాబ్, 64 నుంచి ఆఫీసు, 128 నుంచి స్టాఫ్ రూమ్, 192 నుంచి సీసీ కెమెరాలు. ల్యాబ్‌లో 60 సిస్టమ్స్ ఉండేవి, ఇప్పుడు ఇంకో 10 వచ్చాయి. చోటు చాలక ల్యాబ్ సిస్టమ్స్ అన్నింటిలో మాస్క్ (సబ్‌నెట్ ఎంత పెద్దదో చెప్పే సంఖ్య) 255.255.255.128, అంటే /25 చేసి, కొత్తవాటికి 100 నుంచి 109 వరకు ఇచ్చాం. అప్పటి నుంచి పాతవాటిలో ఇంటర్నెట్ వస్తోంది కానీ ఆఫీసు ప్రింటర్ 192.168.10.75 అందదు. కొత్తవాటిలో ఇంటర్నెట్టే లేదు. ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: స్విచ్‌లో ల్యాబ్ ఇంటర్‌ఫేస్ (ల్యాబ్ వీలాన్‌కి స్విచ్‌లో పెట్టిన అడ్రస్) ఇంకా /26 మీదే ఉందా?

అడిగినవారు: అవును సార్. /25 ఇస్తుంటే ఆఫీసు నెట్‌వర్క్‌తో ఓవర్‌ల్యాప్ అంటూ తీసుకోవడం లేదు.

జవాబు: స్విచ్ చెప్పేది నిజమే. 192.168.10.0/25 అంటే 0 నుంచి 127 వరకు. మీ ఆఫీసు అందులోనే ఉంది. ల్యాబ్‌లోని 192.168.10.20 నుంచి ప్రింటర్‌కు పింగ్ (అందుతోందో లేదో చూసే కమాండ్) కొట్టి చూడండి. 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అన్న జవాబు 192.168.10.20 నుంచే, అంటే మీ సిస్టమ్ నుంచే వస్తుంది. కొత్త మాస్క్ ప్రకారం 75 తన నెట్‌వర్క్‌లోనే ఉందనుకుని, గేట్‌వేకి (బయటి నెట్‌వర్క్‌లకు దారి ఇచ్చే స్విచ్ అడ్రస్) పంపకుండా ల్యాబ్ వీలాన్‌లోనే ఆర్ప్‌తో (ఈ ఐపీ ఎవరిదని అందరినీ అడిగే పద్ధతి) వెతుకుతోంది. అక్కడ పలికేవాళ్లు లేరు. అదే ఆఫీసు సిస్టమ్ నుంచి 20కి పింగ్ కొడితే 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' వస్తుంది. ప్యాకెట్ ల్యాబ్ దాకా వెళ్తుంది, తిరుగు జవాబే దారి తప్పుతుంది. ఈ రెండు మెసేజ్‌ల తేడా గుర్తు పెట్టుకోండి, ఇలాంటి చోట సగం పని అదే చేస్తుంది. (స్విచ్‌లో ప్రాక్సీ ఆర్ప్, అంటే వేరే నెట్‌వర్క్‌లో ఉన్నవాటి తరఫున స్విచ్చే పలికే సదుపాయం, ఆన్‌లో ఉంటే ఈ లోపం బయటపడేదే కాదు.) ఇక 100 నుంచి 109 వరకు ఉన్నవాటిని స్విచ్ ఆఫీసు వైపు వెతుకుతోంది. అందుకే వాటికి నెట్ లేదు.

మరో సభ్యుడు: ఆఫీసును కదపకుండా ల్యాబ్‌కి 64 నుంచి 191 దాకా ఇవ్వలేమా అండీ? అదీ 128 అడ్రస్‌లే కదా. పైగా మొదటి సబ్‌నెట్ వాడకూడదని చదివాను.

జవాబు: కుదరదండీ. 128 సైజు బ్లాకు 0 దగ్గరో 128 దగ్గరో మాత్రమే మొదలవుతుంది. /25లో ఆఖరి ఆక్టెట్‌ (ఐపీలో చివరి 8 బిట్ల సంఖ్య) తాలూకు మొదటి బిట్టే నెట్‌వర్క్‌ను తేలుస్తుంది. 64కి ఆ బిట్ 0, 191కి 1. రెండూ ఒకే సబ్‌నెట్‌లో ఉండవు. మొదటి సబ్‌నెట్ వదిలేయాలన్నది పాత పద్ధతి. దానికి కాలం చెల్లిందని 1995లోనే ఆర్ఎఫ్‌సీ 1878 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం చెప్పేసింది.

అడిగినవారు: మరి ల్యాబ్ మొత్తం నంబర్లు మార్చాలా సార్?

జవాబు: ల్యాబ్‌ను ముట్టుకోవద్దు. స్టాఫ్ రూమ్‌లో ఎన్ని ఉన్నాయి?

అడిగినవారు: 12. గేట్‌వే 129, సిస్టమ్స్ 130 నుంచి 141. ఆఫీసులో ప్రింటర్‌తో కలిపి 25, గేట్‌వే 65.

జవాబు: అయితే తేలికే. సమానంగా పంచడం వల్లే ఈ ఇబ్బంది, 12 సిస్టమ్స్‌కి 62 అడ్రస్‌లు కేటాయించారు (ప్రతి సబ్‌నెట్‌లో మొదటిది, చివరిది సిస్టమ్స్‌కి ఇవ్వకూడదు). స్టాఫ్ రూమ్‌ను 192.168.10.128/27కి కుదించండి, 30 అడ్రస్‌లు ఉంటాయి. వాళ్ల ఐపీలు మారవు, మాస్క్ మాత్రం 255.255.255.224 అవుతుంది. మిగిలిన 192.168.10.160/27 ఆఫీసుకు ఇవ్వండి. అక్కడ ప్రతి పాత నంబరుకూ 96 కలపండి: గేట్‌వే 161, ప్రింటర్ 171. మాస్క్ ఇక్కడా 224తోనే ముగుస్తుంది. కెమెరాల జోలికి వెళ్లక్కర్లేదు. ల్యాబ్‌కి 0 నుంచి 127 పూర్తిగా దక్కుతుంది, 126 వాడుకోవచ్చు.

వరస తప్పకండి. ముందు స్టాఫ్ రూమ్‌లో సిస్టమ్స్‌కీ స్విచ్‌కీ మాస్క్ మార్చండి, తర్వాత ఆఫీసును జరపండి, చివరగా స్విచ్‌లో ల్యాబ్ ఇంటర్‌ఫేస్‌ను /25 చేయండి. స్టాఫ్ రూమ్‌లో ఒక్క సిస్టమ్ పాత మాస్క్‌తో ఉండిపోయినా అది ఆఫీసును తన పక్కనే వెతుకుతుంది, ఇదే గొడవ మళ్లీ మొదలవుతుంది.

అడిగినవారు: చాలా థాంక్స్ సార్, ఇవాళ సాయంత్రం కాలేజీ అయ్యాక చేస్తాను. ప్రింటర్ ఐపీ మారాక సిస్టమ్స్‌లో ఏమైనా చేయాలా?

జవాబు: చేయాలి. దానికి ప్రింట్ పంపే ప్రతి సిస్టమ్‌లో, ల్యాబ్‌తో సహా, ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్స్ ట్యాబ్‌లో 192.168.10.171తో కొత్త టీసీపీ/ఐపీ పోర్ట్ కలపండి. లేదంటే ప్రింట్లు పాత 75కే వెళ్లి క్యూలో ఆగిపోతాయి.