అప్‌డేట్: ఆంప్‌లో రివర్బ్, డిలే మళ్లీ పలుకుతున్నాయి

కిందటి వారం అడిగింది నేనే. ట్రాన్సిస్టర్ ఆంప్‌లో (ఆంప్లిఫయర్‌లో) గిటార్ మామూలుగానే మోగుతోంది, కానీ రివర్బ్ (గదిలో మోగినట్టుండే గుంజారం), డిలే (కాస్త ఆగి తిరిగి వినపడే ప్రతిధ్వని) నాబ్ తిప్పితే ఎఫెక్ట్ బదులు టిక్ టిక్‌మని శబ్దం వస్తోందని. ఈ ఎఫెక్ట్‌లు తయారుచేసే డీఎస్‌పీ చిప్ పోయింది, బోర్డే మార్చాలని చాలామంది అన్నారు. నేనూ ఆశ వదిలేసుకున్నాను.

ఒకరు మాత్రం "ముందు బోర్డుకి సప్లై సరిగా అందుతోందా చూడండి" అన్నారు. వారికి దండం. 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటర్ దగ్గర మీటర్ పెడితే 4.7 చూపించింది. పర్వాలేదులే అనుకున్నాను. ఏసీ రేంజ్‌కి మార్చి దాని ఇన్‌పుట్ కాలు మీద పెట్టేసరికి అసలు సంగతి బయటపడింది: వోల్టుకి పైగా రిపుల్ (డీసీ సప్లైలో మిగిలిపోయే హెచ్చుతగ్గులు)! 7805కి ఇన్‌పుట్‌లో దాదాపు 7 వోల్టులు ఉండాలి. సెకనుకు 100 సార్లు అంతకంటే కిందికి జారుతుంటే చిప్ మాత్రం ఏం చేస్తుంది, రీసెట్ అవుతూ కూర్చుంది.

దోషి, రెగ్యులేటర్‌కి ముందుండి ఆ హెచ్చుతగ్గుల్ని సర్దాల్సిన 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్. పైన ఉబ్బలేదు కాబట్టి మొదట పట్టుకోలేకపోయాను. పీకి చూస్తే అడుగున గోధుమరంగు మరక. హీట్‌సింక్‌కి ఆనించి పెట్టారు మహానుభావులు, లోపలి ద్రవం ఎండిపోదా మరి!

ప్లగ్ తీసి, కెపాసిటర్లలో చార్జ్ లేదని మీటర్‌తో చూసుకున్నాకే చేయి పెట్టాను. 25 వోల్టుల, 105 డిగ్రీల రకం తెచ్చి, మైనస్ చార సరిచూసుకుని సోల్డర్ చేశాను. ఇప్పుడు రెగ్యులేటర్ దగ్గర 5.02 వోల్టులు. కోరస్ అనే ఇంకో ఎఫెక్ట్‌లో సన్నటి హిస్ ఉంది గానీ, అది కొన్నప్పటి నుంచీ ఉన్నదే.