చప్పుడు లేని సినిమాలకు అంత సీన్ ఉందా?

గోదారిగట్టు:
‘కేరాఫ్ కంచరపాలెం’ అంటే అందరూ ఆహా ఓహో అంటారు. నాకు సగంలోనే ఆవలింతలొచ్చి కట్టేశాను. పక్కింటివాళ్ల కబుర్లు చూడ్డానికి టికెట్ ఎందుకు కొనాలి? కొత్త ముఖాలు పెడితే కళాఖండం అయిపోతుందా?

విశాఖమ్మాయి:
వైన్ షాపు సీన్లు చూశారా అండి? కౌంటర్ వెనక గడ్డం అని అందరూ పిలిచే అతను. సలీమా ముసుగేసుకుని వస్తుంది, మందు కొనుక్కుని పోతుంది. అతనికి కనిపించేవి ఆ కళ్లే. సీసా ఇవ్వడం, డబ్బులు తీసుకోవడం తప్ప అక్కడేం జరగదు. అయినా రేపు వస్తుందా రాదా అని అతనికంటే మనకే టెన్షన్. నటించినవాళ్లలో ఎక్కువమంది మా విశాఖలోని ఆ కంచరపాలెం పేటవాళ్లే. మా యాసని కామెడీకి వాడకుండా మామూలుగా మాట్లాడించారు, నాకు అక్కడే సగం నచ్చేసింది.

నేలటికెట్:
సీన్ బాగుంది చెల్లెమ్మా, కాదనను. ‘సహజం’ అన్న దగ్గరే నా పేచీ. (సినిమా చూడనివాళ్లు ఈ పోస్టు దాటేయండి.) నాలుగు పేర్లు, నాలుగు ప్రేమకథలు చూపించి, చివర్లో అవన్నీ అటెండర్ రాజు ఒక్కడివేనని తేలుస్తారు. మాస్ సినిమా ఇంటర్వెల్ బ్యాంగ్ ఇంతకంటే ఏం ఎక్కువ? కిటుకు కిటుకే. సహజమని పేరు పెట్టి అమ్మొద్దు.

విశాఖమ్మాయి:
కిటుకే అన్నా. కానీ అది ఎందుకు తగిలిందో చూడు. రాజుకి 49 ఏళ్లొచ్చినా పెళ్లి కాలేదని పేటంతా చెవులు కొరుక్కుంటుంది, మనమూ వాళ్లతో కలిసి నవ్వేస్తాం. అతని వెనక ఎంత బతుకుందో తెలిశాక ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. అంతసేపు తీరిగ్గా అతనితో కూర్చోబెట్టకపోతే ఆ మలుపు ఉత్త పజిల్‌గా మిగిలేది.

సెకండ్‌షో:
మీ గొడవ బాగానే ఉంది గానీ, 2018లో రానా వెనక నిలబడి విడుదల చేయించాడు కాబట్టి అది మనదాకా వచ్చింది. ఆ అండ దొరకనివాటి గతేంటి? జనం చూడరనడం మాత్రం ఒప్పుకోను. 2023లో ‘బలగం’ని తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూసింది. చావింట్లో పంతాలు తప్ప అందులో ఫైట్లున్నాయా?

నేలటికెట్:
దానికి దిల్ రాజు బ్యానర్ ఉంది తమ్ముడూ. చిన్న సినిమా లెక్కలోకి ఎలా వస్తుంది?

గోదారిగట్టు:
మిగతా సగం చూద్దామనుకుంటే క్లైమాక్స్ మొత్తం చెప్పేశారు కదండీ!

నేలటికెట్:
దాటేయమని బ్రాకెట్లో పెట్టాను కదా సామీ.