జిల్లా కేబుల్ ఛానల్ నుంచి హైదరాబాద్ స్టూడియోకు: న్యూస్ యాంకర్‌గా నిలదొక్కుకోవడం ఎలా?

ప్రశ్న:
ఖమ్మంలోని ఒక కేబుల్ ఛానల్‌లో సాయంత్రం వార్తలు చదువుతున్నాను. మున్సిపల్ సమావేశానికి మైకు పట్టుకుని వెళ్లడం, వార్త రాసుకోవడం, వాయిస్ ఓవర్ చెప్పడం కూడా నా పనే. హైదరాబాద్‌లో శాటిలైట్ ఛానల్‌కు వెళ్లాలని ఉంది. రూపం, గొంతు ఉంటే చాలని కొందరు, ఆడవాళ్లను వయసు పెరిగితే తెర మీద ఉంచరని మరికొందరు అంటున్నారు. ఎక్కువ కాలం నిలబడాలంటే దేని మీద శ్రద్ధ పెట్టాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

మొదటి జవాబు:
అమ్మా, వార్త మీరే రాసుకునే అలవాటును ఎక్కడికి వెళ్లినా వదులుకోకండి. పెద్ద ఛానల్‌లో స్క్రిప్టు డెస్క్ నుంచి వస్తుంది, ప్రాంప్టర్ (కెమెరా ముందు స్క్రిప్టు కనిపించే తెర) చూసి చదవడం త్వరగానే పట్టుబడుతుంది. అసలు పరీక్ష బ్రేకింగ్ న్యూస్ వచ్చినప్పుడే. ప్రాంప్టర్ ఖాళీగా ఉంటుంది, చెవిలో ప్రొడ్యూసర్ ‘ఫోనో (రిపోర్టర్ ఫోన్ లైను) ఇంకా కలవలేదు, కాసేపు లాగండి’ అంటుంటారు, అది వింటూనే మీ మాట తడబడకుండా సాగాలి. గోదావరి వరద మీద లైవ్ నడుస్తున్నప్పుడు, భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారని తెలిసిన యాంకర్ రిపోర్టర్ నుంచి పనికొచ్చే సమాచారం రాబట్టగలరు. తెలియనివారు ‘అక్కడ పరిస్థితి ఎలా ఉంది?’ అనే ప్రశ్ననే తిప్పితిప్పి అడుగుతారు. మీరు ఇప్పుడు తిరుగుతున్న తిరుగుడంతా అక్కడ అక్కరకు వస్తుంది.

రెండో జవాబు:
వయసు మాట వచ్చింది కనుక శాంతి స్వరూప్ గారిని తలుచుకోవాలి. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన ఆయన, 2011లో పదవీ విరమణ చేసేదాకా ఆ సంస్థలోనే ఉన్నారు. టెలిప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో కాగితం మీది వాక్యాన్ని మనసులో నిలుపుకుని, తలెత్తి చెప్పేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూసినప్పుడు ఒక తరమంతా ఆ నిదానమైన గొంతును గుర్తు చేసుకుంది. అయితే ఆయనది ప్రభుత్వ సంస్థ. ప్రైవేటు ఛానళ్లలో ఆ భరోసా లేదు. బాగా చదివే మహిళలను వయసు సాకుతో తెర నుంచి తప్పించడం నేను దగ్గరగా చూశాను, అది పచ్చి అన్యాయం. అందుకే బులెటిన్‌కు రన్‌డౌన్ (ఏ వార్త తర్వాత ఏది అనే వరుస) వేయడం, పీసీఆర్‌లో, అంటే ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్‌లో, కూర్చుని నడిపించడం కూడా ఇప్పటి నుంచే నేర్చుకోండి.

మూడో జవాబు:
పై ఇద్దరి మాటా నిజమే. ఆడిషన్‌కు ముందు మీ బులెటిన్‌ను రికార్డు చేసుకుని, ఒత్తులు, శ-ష-సలు, ణ-ళలు సరిగా పలుకుతున్నారో లేదో వినండి. ఉద్యోగం ఇస్తామంటే జీతంతో పాటు, తెల్లవారుజాము, రాత్రి షిఫ్టులకు ఇంటి నుంచి క్యాబ్ పంపుతారో లేదో చేరకముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.