బెంగళూరు మురుగునీళ్ళు శుద్ధి చేసి మన చెరువుల్లోకి వదిలితే తీసుకోవాలా వద్దా?

శ్రీనివాసపురం_మామిడి:
మాది కోలారు జిల్లా శ్రీనివాసపురం పక్కన పల్లె, ఇంట్లో తెలుగే. మొన్న మదనపల్లి మార్కెట్‌లో టమాటా లోడు దించుతా ఉంటే అక్కడోళ్ళు "మీరు బెంగళూరోళ్ళ కక్కసు నీళ్ళతో పండిస్తారంట కదా" అని ఒకటే నవ్వు, నాకు మండింది. తెలీనోళ్ళకు చెప్తా, కేసీ వ్యాలీ అని 2018 జూన్ నుంచి బెంగళూరు మురుగునీళ్ళు శుద్ధి చేసి పైపుల్లో మా జిల్లాకు తోలుతా ఉండారు, లెక్క ప్రకారం రోజుకు 440 ఎంఎల్డీ, అంటే 44 కోట్ల లీటర్లు. మొదట లక్ష్మీసాగరం చెరువు, అది నిండి మరవ పారితే కింద చెరువు, అట్లా ఒకదాన్నుంచి ఒకదానికి. మా సైడు 1200 అడుగులు వేసినా దుమ్ము లేచిన బోర్లు ఎన్నో. నేనయితే తీసుకోవాలనే అంటా. మీరేమంటారు?

కట్టకింద_మడి:
అన్నా, లక్ష్మీసాగరంలో నురగ మర్చిపోయినావా? నీళ్ళు వదిలి రెండు నెల్లు కాలేదు, 2018 జులైలోనే బెంగళూరు బెళ్ళందూరు చెరువు మాదిరి నురగ తెల్లగా పొంగింది, హైకోర్టు ఆపమనింది, 2019 జనవరిలో సుప్రీంకోర్టులో కూడా స్టే వచ్చింది, తర్వాత మళ్ళీ వదిలినారులే అది వేరే కథ. కావేరి నీళ్ళు వాళ్ళు తాగాల, వాళ్ళు కడుక్కున్నవి మనం పట్టుకోవాల. ఎందుకూ?? పంపేదేదో టెర్షరీ అనే మూడో దశ దాకా శుద్ధి చేసి పంపమను, సెకండరీ అనే రెండో దశతో ఆపేది ఎందుకు, ఖర్చనే కదా.

బ్లోయర్_సుబ్బు:
నేను బెంగళూర్లో ఒక అపార్ట్‌మెంట్ ఎస్టీపీ (మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు) చూసుకుంటా, 9 ఏళ్ళ నుంచి ఇదే పని. సెకండరీ అంటే ట్యాంకులోకి గాలి కొడుతూ ఉంటే బ్యాక్టీరియా మురికి తినేస్తుంది, బురద అడుక్కి దిగుతుంది, పైన తేట నీళ్ళు. చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ నైట్రోజన్, ఫాస్ఫరస్ కొంత మిగులుతాయి, చెరువులో గుర్రపుడెక్క దట్టంగా పెరిగేది వాటివల్లే. నురగ సబ్బు పొడులది. టెర్షరీలో ఇంకోసారి ఫిల్టరు, ఆ తర్వాత క్రిములు చావడానికి క్లోరినో యూవీ లైటో.

ఇప్పుడు అసలు సంగతి. మా దగ్గర కమిటీ వాళ్ళు కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని రాత్రిళ్ళు ఆ గాలి కొట్టే బ్లోయర్ ఆపమన్నారు. గాలి ఆగితే బ్యాక్టీరియా చస్తుంది, మూడోరోజుకే కంపు, మళ్ళీ దారికి తెచ్చేసరికి రెండు వారాలు పట్టింది, టాయిలెట్ ఫ్లష్‌కి వచ్చే నీళ్ళు నల్లగా. మిషను కొత్తదే, టెక్నాలజీ మంచిదే. అందుకే ఎవరు ఏ ప్లాంటు గురించి గొప్పగా చెప్పినా నేను ఒకటే అడుగుతా, రాత్రి రెండింటికి బ్లోయర్ తిరుగుతోందా అని.

కట్టకింద_మడి:
అంటే నా మాటే కరెక్టు అంటావు 😀

బ్లోయర్_సుబ్బు:
సగం. నీళ్ళు వద్దనట్లేదు నేను, ఒక కన్ను తెరిచి పడుకోమంటున్నా.

మూసీ_ఒడ్డు:
మీరు శుద్ధి చేసినయి వద్దంటున్నరు, మా దిక్కు మూసీ కింద ఏండ్లకేండ్లు మురికినీళ్ళతోనే గడ్డి పెంచిన్రు, వరి పండించిన్రు. ఆ గడ్డి తిన్న బర్రెల పాలు పట్నమే తాగింది. మురుగు ఎక్కడికీ పోదు భాయ్, ఎవరో ఒకరి పొలంల తేలుతది, శుద్ధి చేసి పంపుడా ఉత్తగ పంపుడా అంతే.

చెన్నై_తెలుగోడు:
2019 ఎండాకాలం మేము ట్యాంకరు కోసం రాత్రంతా మేలుకున్నాం కాబట్టి నాకు ఈ అసహ్యాలు లేవు. ఇక్కడ కొడుంగయ్యూరు, కోయంబేడులో ఒక్కోటి 45 ఎంఎల్డీ ప్లాంట్లు పెట్టి, ఆర్‌ఓ దాకా శుద్ధి చేసి ఫ్యాక్టరీలకు అమ్ముతున్నారు, ఆ మేరకు మంచినీళ్ళు జనానికి మిగులుతాయి. నమీబియాలో విండ్‌హోక్ ఊరోళ్ళయితే 1968 నుంచి నేరుగా తాగుతున్నారు. మరి బెంగళూరు ముందు తన ఫ్యాక్టరీలకూ కట్టడాలకూ వాడుకోవచ్చుగా, 2024లో అక్కడే కటకట వచ్చింది కదా.

కుప్పం_బార్డర్:
ఒక్క నిమిషం. కోలారు చెరువులు చాలామటుకు పాలారు వైపు పారేవే. పాలారు నంది కొండల్లో పుట్టి బేతమంగళం మీదుగా మా కుప్పం సైడుకు వస్తాది. మీ మరవ పారితే మాకూ వాటా ఉన్నట్టే కదా, మమ్మల్ని ఎవురడిగినారు? (వస్తే మాత్రం వద్దనంలే, ఏరు పారి ఎన్నాళ్ళయిందో.)

శ్రీనివాసపురం_మామిడి:
సుబ్బన్నా నువ్వు చెప్పింది రాత్రంతా ఆలోచించినా. ఒకటి ఒప్పుకుంటా, రూలు ప్రకారం ఈ నీళ్ళు చెరువులో ఇంకి బోర్లు ఊరడానికే, మోటరు పెట్టి నేరుగా తోడుకోకూడదు, కానీ కట్ట మీద మోటర్లు లేవా అంటే నేను నోరిప్పను. మా మామ బోరు ఎండిపోయి మూడేళ్ళు, ఇప్పుడు నీళ్ళొస్తా ఉండాయి, ఆ నీళ్ళే ఇంట్లో తాగతారు. ముందు ఫ్లోరైడుతో ఆయన పళ్ళన్నీ గారపట్టినాయి, ఇప్పుడేముందో తెలీదు. ఏం టెస్టు చేయించాల?

బ్లోయర్_సుబ్బు:
నైట్రేట్, ఫ్లోరైడు, కోలిఫాం (మురుగు కలిసిందేమో చూపే బ్యాక్టీరియా), మూడూ రాయించు. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఫ్లోరైడు 1.5. కోలిఫాం అస్సలు ఉండకూడదు. కూల్‌డ్రింకు బాటిల్లో పట్టుకుపోవద్దు, ల్యాబువాళ్ళే స్టెరైల్ బాటిలిస్తారు, ఐసులో పెట్టి ఆ రోజే ఇచ్చేయాలి. వాన పడ్డాక ఇంకోసారి చేయించు, రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

కట్టకింద_మడి:
అన్నా సోమవారం పోతే చెప్పు, మా బోరు నీళ్ళు కూడా తెస్తా. సగం ఖర్చు నాది.